జంట తెగిన రోకలి

ఆ బొటనవేలు. తొమ్మిదేళ్లుగా నా ఆలోచన ఎటు తిరిగినా చివరికి అక్కడికే వచ్చి ఆగుతుంది. గంగారాం కుడికాలి బొటనవేలు. గోరు పసుపు పట్టి, కొంచెం పక్కకు వంగి ఉంటుంది. వడ్ల గుమ్మి వెనక మూలలో నిలబడి ఆ వేలు గదిలోకి రావడం, పోవడం చూస్తూ ఉంటాను. అతని ముఖం నాకు సరిగా తెలియదు. నా చూపంతా నా పాదాన ఉన్న ఇనప పొన్నులోనే ఉంది, నేల దగ్గర. ఆ మూల నుంచి మనుషులంటే పాదాలే.

నేను ఒక రోకలిని. చండ్ర కొయ్యతో చేశారు నన్ను. ఒకే మానులోంచి వడ్రంగి ఎంకన్న ఇద్దర్ని చెక్కాడు. చెక్కినవాడికి కూడా ఎవరు ఎవరో తెలిసేది కాదు. మా ఇద్దరికీ పొన్నులు తొడిగి, పెళ్లి పసుపు దంచడానికి గంగారాం ఇంటికి పట్టుకుపోయారు. ఆ రోజు మాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కంకణం కట్టి దండం పెట్టారు. మనుషులు ఒక వస్తువుకు ఒకసారి దండం పెడితే చాలు, ఆ తర్వాత దాన్ని ఎంతకాలం ఎలా చూసినా పరవాలేదని అనుకుంటారు. ఇది నేను తర్వాత తెలుసుకున్నాను.

ఆ ఇంట్లో తోడికోడళ్లు ఇద్దరు. పెద్దది రాజవ్వ, గంగారాం భార్య. చిన్నది బూదవ్వ, అతని తమ్ముడు నర్సన్న భార్య. నన్ను బూదవ్వ పట్టేది, నా జంటను రాజవ్వ పట్టేది. ఒకే రోట్లో ఇద్దరు దంచుతుంటే రోకళ్లు తగలకూడదు. నేను లేచినప్పుడు అది దిగాలి, అది లేచినప్పుడు నేను దిగాలి. పోటుకూ పోటుకూ మధ్య ఒక చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి నా జంట వచ్చేది. ఒక్కసారి కూడా తప్పలేదు. నేను ఎవరినైనా పూర్తిగా నమ్మానంటే ఆ ఖాళీనే.

తర్వాత ఊళ్లోకి వడ్లు పట్టే గిర్నీ వచ్చింది. మేము మూలకు చేరాం. దానికి నాకు కోపం లేదు. మూలలో కూడా ఇద్దరం ఆనుకునే ఉన్నాం.

నర్సన్న పాము కరిచి పోయాడు. ఏడాది తిరగకముందే గంగారాం పొలం మధ్య ముళ్లకంచె వేశాడు. బూదవ్వను చివరి మడిలో ఉన్న మోటరు కొట్టంలోకి పంపాడు. ఆమె బట్టల మూట, రెండు గిన్నెలు తీసుకుంది. వాకిట్లోకి వచ్చి, "బావా, నా రోకలి ఇయ్యి, దాంతోనే పోత" అంది. ఆ రోజు పసుపు ఉడకబెడుతున్నారు. కడాయి కింద పొయ్యి భగభగ మండుతోంది. గంగారాం లోపలికి వచ్చి చేతికందిన రోకలి తీసుకెళ్లాడు. అది నేను కాదు, నా జంట. అతనికి తేడా తెలియదు కదా. ఆమె చేయి చాచింది. అతను దాన్ని పొయ్యి ముందు పడేసి, కుడికాలి బొటనవేలితో లోపలికి తోశాడు. "రోలు లేనిదానికి రోకలెందుకు?" అన్నాడు.

కుంకుమ పెట్టిన కొయ్యను కాలితో.

చండ్ర కొయ్య తొందరగా కాలదు. సాయంత్రం దాకా చిటపటలాడింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఆ వేలు నాదని. నా బరువంతా, నా పొన్నంతా ఒక్కసారి దాని మీద దిగాలి. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదని మనుషులే సామెత చెప్పుకుంటారు. వేలి సంగతి వాళ్ల సామెతల్లో లేదు.

తొమ్మిదేళ్లలో అతను నాతో తేలును చంపాడు. ఎగిరిపోయే టార్పాలిన్ మీద నన్ను బరువు పెట్టాడు. ప్రతిసారీ నేను జారాలని చూశాను, ప్రతిసారీ ఆ వేలు జానెడు దూరంలో ఉండిపోయింది. పగకు ఓపిక ఎక్కువ అంటారు. ఓపిక కాదు, దానికి వేరే పని ఉండదు, అంతే.

మొన్న మాఘమాసం. చలి ఇంకా పోలేదు. ఉడికించిన పసుపు కొమ్ములు కల్లంలో ఆరుతున్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళకు ఉత్తరాన మబ్బు లేచింది. నల్లగా కాదు, ఆకుపచ్చగా. గాలి ఒక్కసారి ఆగింది. ఆ తర్వాత మొదటి వడగల్లు వాకిట్లో పడి కోడిగుడ్డులా పగిలింది.

రాళ్లవాన. ఆ ఊళ్లో రాళ్లవాన మొదలైతే జంట రోకళ్లను వాకిట్లో కత్తెరలా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడేస్తారు. వాన తెగుతుందని నమ్మకం.

"రాజవ్వా, రోకండ్లు తే! తొందరగ తే!" అని గంగారాం కల్లంలోంచి అరిచాడు.

"రోకండ్లా? ఒక్కటే ఉన్నది. ఇంకోటి నువ్వే గదా పొయిల తోసినవ్, కాలుతోని!"

"ఉన్నదే తే. నీ నోరు తర్వాత!"

"ఒంటి రోకలితోని వాన తెగుతదా? కత్తెర ఒక్క రెక్కతోని బట్ట తెగుతదా?" అంటూనే రాజవ్వ నన్ను గడప బయటికి విసిరింది.

వాకిట్లో ఒంటరిగా అడ్డంగా పడి ఉన్నాను. నిమ్మకాయంత రాళ్లు నా మీద పడుతున్నాయి. వాన తెగలేదు, పెరిగింది. వాకిలి తెల్లబడింది. పసుపు కొమ్ములు ఆ తెలుపులో కూరుకుపోతున్నాయి. గంగారాం టార్పాలిన్ అంచు పట్టుకుని గాలితో పెనుగులాడుతున్నాడు. నాకు నవ్వు వచ్చింది. నా జంట ఉంటే ఈ వానను తెంపేవాళ్లమో లేదో నాకు తెలియదు. కానీ తెంపేవాళ్లమనే అతను నమ్ముతున్నాడు, ఈ క్షణంలో అతనికి ఆ పొయ్యి గుర్తొస్తోంది. అది చాలనిపించింది. మరుక్షణమే చాలదనిపించింది.

అప్పుడు కంచె అవతల నుంచి బూదవ్వ వచ్చింది. నెత్తిమీద బేసిన్ బోర్లించుకుంది, చంకలో మేకపిల్ల. రాళ్లు బేసిన్ మీద డప్పు వాయిస్తున్నాయి.

"ఏయ్, ఎటొస్తున్నవ్? ఆడ్నే ఉండు!" గంగారాం ఆ వానలోనూ కంచె మరిచిపోలేదు.

"ఆడ ఉండనీకె కప్పు లేదు బావా. నువ్వేసిన రేకులే, పొడిపొడి అయినయ్. పోయి వాటినడుగు."

ఆమె ఆగలేదు. నా దగ్గరకు రాగానే వంగి నన్ను అందుకుంది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ అరచేయి. నా నడుము మీద నున్నగా అరిగిన చోటు ఆమెదే, ఆమె వేళ్లు వెతక్కుండానే అక్కడ పడ్డాయి. ఇప్పుడే, అనుకున్నాను. వెనక్కి తిరుగు, నాలుగడుగులు వెయ్యి, ఒక్క పోటు. గంగారాం కూడా అదే అనుకున్నట్టున్నాడు, టార్పాలిన్ వదిలేసి చేతులు నెత్తి మీద పెట్టుకున్నాడు.

"ఊకె భయపడకు బావా. నీ తలకాయల ఏమున్నదని పలగ్గొడ్త?" అని ఆమె గడప దాటి లోపలికి వెళ్లింది.

రాజవ్వ ఆమెను చూసింది. దండెం మీది తువ్వాల తీసి ఇచ్చింది. గాలికి జోడు తలుపులు కొట్టుకుంటున్నాయి. పాత అడ్డకర్ర ఎప్పుడో చెదలకు పోయింది. "తలుపులు ఆగుత లేవక్కా" అని బూదవ్వ వాటిని మూసి, రెండు కొండీల్లోంచి నన్ను అడ్డంగా దూర్చింది. తడికి ఉబ్బి ఉన్నాను. గట్టిగా బిగుసుకున్నాను.

కాసేపటికి తలుపు మీద పిడికిలి పడింది. వసారా రేకులు అప్పటికే కూలాయి, బయట అతనికి తల దాచుకునే చోటు లేదు.

"రాజవ్వా! తలుపు తియ్యే!"

రాజవ్వ బూదవ్వ వైపు చూసింది. "తియ్యాల్నా?"

"నీ మొగడక్కా. నీ ఇష్టం."

"రోకలి నువ్వేసినవ్. నీ ఇష్టం."

ఇద్దరూ కదలలేదు. మేకపిల్ల మాత్రం అరిచింది.

"ఎవలున్నరే లోపట?"

"ఇద్దరం ఉన్నం!" అంది రాజవ్వ. బూదవ్వ తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరి భుజాలూ అదిరాయి. ఈ ఇంట్లో ఆ ఇద్దరూ కలిసి నవ్వడం నేను రోటి దగ్గర విన్నాను, మళ్లీ ఇప్పుడే.

"నెత్తి పగిలింది... నెత్తురొస్తున్నది."

నవ్వు ఆగింది. అయినా ఎవరూ లేవలేదు. ఒకరు లేస్తారని ఇంకొకరు చూస్తున్నారు. అతని గొంతు తగ్గింది. "బూదవ్వా" అన్నాడు. తొమ్మిదేళ్లలో ఆ పేరు అతని నోట రావడం ఇదే మొదలు. ఆ తర్వాత మాట లేదు, పిడికిలి మాత్రమే. ఒక దెబ్బ. ఖాళీ. ఒక దెబ్బ. ఖాళీ.

ఆ దెబ్బలు నాలోంచి పోతున్నాయి. నేను ఇంకా బిగుసుకున్నాను. సుఖంగా ఉంది, దాచను. కానీ ఆ ఖాళీ. ఆ కొలత నాకు తెలుసు. దెబ్బకూ దెబ్బకూ మధ్య అంతే చోటు, ఒక రోకలి లేచి దిగేంత. తొమ్మిదేళ్లుగా ఆ చోట ఎవరూ లేరు. అక్కడికి రావలసింది అతని పిడికిలి కాదు. అతని పిడికిలికి అక్కడేం పని? దెబ్బలు నెమ్మదించాయి. ఖాళీ పెద్దదవుతోంది. తర్వాతి దెబ్బ కోసం నేను ఎదురుచూస్తున్నానని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు లెక్క మరోలా తోచింది. తలుపు ఇలాగే ఉంటే అతను గడప అవతలే కూలిపోతాడు. రాళ్లు అతన్ని తీసుకుంటాయి. నాకేం మిగులుతుంది? ఆ వేలు నాది, వానది కాదు. తలుపు తెరుచుకుంటేనే అది లోపలికి వస్తుంది. వేలి కోసమే, అని నాకు నేను చెప్పుకున్నాను. రెండుసార్లు చెప్పుకున్నాను.

ఇంకో దెబ్బ పడింది, మెత్తగా. ఆ అదురుకు, కొయ్య కదలగలిగినంత, ఎడమ కొండీలోంచి నేను జారాను. రెక్క తెరుచుకుంది. చలి, నెత్తురు వాసన, తెల్లటి వెలుగు ఒక్కసారిగా లోపలికొచ్చాయి. అందరికంటే ముందు గడప దాటింది ఆ బొటనవేలే.

పొన్ను కిందికి తిప్పి, రెండో కొండీని కూడా వదిలేశాను.