వీపు లేని కోటు

నేను ఒక కోటును. ఈ మాట చెప్పుకోవడానికి కూడా నాకు ముఖం చెల్లడం లేదు. ముందు నుంచి చూస్తేనే నేను కోటును. వెనక నుంచి చూస్తే నన్ను ఏమనాలో నాకే తెలియదు.

పుట్టినప్పుడు ఇలా లేను లెండి. కరీంనగర్‌లో ఒక పెళ్లికొడుకు రిసెప్షన్ కోసం కుట్టించుకున్న నేవీ బ్లూ కోటును. లోపల నున్నటి లైనింగు, ముందు రెండు గుండీలు, అన్నీ ఉండేవి. ఆ ఒక్క సాయంత్రం నన్ను వేసుకుని ఆయన బంధువులందరికీ నమస్కారాలు పెట్టాడు. తర్వాత ఒళ్లు చేశాడు, నేను పట్టలేదు. బీరువాలో కలరా ఉండల మధ్య కొన్నేళ్లు మగ్గాక, ఇంట్లో చోటు లేదని పాత బట్టలతో పాటు నన్నూ వదిలించుకున్నారు. చేతులు మారి మారి హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక సందు చివర ఉన్న బాల్‌రాజ్ ఫొటో స్టూడియోకి చేరాను.

బాల్‌రాజ్ నన్ను బల్ల మీద బోర్లా పడేసి, కాలర్ కింద నుంచి అంచు దాకా కత్తెరతో వీపు చీల్చేశాడు. "ఇగ సన్నోళ్లకైనా దొడ్డోళ్లకైనా సరిపోతవ్" అని నా భుజం తట్టాడు కూడా. అప్పటి నుంచి వచ్చినవాళ్లు ముందు నుంచి చేతులు దూరిస్తే, వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తాడు. ఫొటోలో వీపు పడదు కదా! మొదట్లో నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. అలవాటైపోతుందిలే అనుకున్నాను, కాలేదు.

మా పై అంతస్తులో అకౌంట్స్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉంది. కోర్సు అయిపోగానే బ్యాచ్‌కి బ్యాచ్ మెట్లు దిగివచ్చి నా కోసం వరస కడతారు. బీకాం వాళ్లు, ఎంబీఏ ఫైనాన్స్ వాళ్లు, ఊళ్లో ఎరువుల కొట్టు లెక్కలు రాసి రాసి విసుగెత్తి పట్నం వచ్చినవాళ్లు. ప్రతి రెజ్యూమేకీ ఫొటో కావాలి, ప్రతి ఫొటోకీ నేను కావాలి. ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరి చెమట. "సార్, నవ్వు జర తగ్గించుండ్రి. పైసలు లెక్కవెట్టే నౌకరీ గదా, ఎక్కువ నవ్వితే నమ్మరు" అంటాడు బాల్‌రాజ్. ఏ కంపెనీలోనో హెచ్ఆర్ ఆయన ఓ పాతిక రెజ్యూమేలు బల్ల మీద పరిస్తే పాతికమందీ నన్నే వేసుకుని ఉంటారు, అందరికీ రెండో గుండీ ఊడిపోయే ఉంటుంది. ఆయన ఏమనుకుంటాడో తలచుకుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు వచ్చాక బాల్‌రాజ్ బయట ఇంకో బోర్డు పెట్టాడు. 'ఇచ్చట ఇంటర్వ్యూలకు లైటింగ్, నెట్, కోటు అద్దెకు ఇవ్వబడును.' అది చూసే పురుషోత్తం లోపలికి వచ్చాడు.

నలభైకి దగ్గర పడుతున్న మనిషి. రేపల్లె వైపు వాడు. ఒక టైల్స్ షోరూంలో చాలాకాలం అకౌంటెంటుగా చేశాడు. ఓనరు లెక్కల పనంతా బయటి సంస్థకి అప్పగించి, ఇక రానక్కర్లేదన్నాడు. కొన్ని నెలలుగా వెతగ్గా వెతగ్గా ఒక మందుల కంపెనీ నుంచి ఇంటర్వ్యూ వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్క గది, ఇద్దరు పిల్లలు. అందుకని ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇక్కడికి వచ్చాడు.

బాల్‌రాజ్ క్లిప్పులు పెడుతుంటే పురుషోత్తం ఫోనులో కన్సల్టెన్సీ కుర్రాడితో మాట్లాడుతున్నాడు. ఉద్యోగాలు వెతికిపెట్టే ఆ కన్సల్టెన్సీ వాళ్లు అతని రెజ్యూమేలో పేరు పక్కన 'సీఏ' అని తగిలించారట.

"నేను సీఏలో ఇంటరే పాసయ్యాను బాబూ. ఫైనల్ పూర్తి కాలేదు. అలా ఎందుకు వేశారు?"

"అది లేకపోతే మీ పేరే పైకి రాదు సార్. అడిగితే తప్ప మీరు నోరెత్తకండి" అని అవతల ఫోను పెట్టేశాడు.

"మీరు సీఏ గాదా సార్?" అన్నాడు బాల్‌రాజ్ వెనక నుంచి.

వెనక నిలబడినవాడికి మనుషులు నిజం తొందరగా చెబుతారు, ముఖం చూడనక్కర్లేదు కాబట్టి. పురుషోత్తం గొంతు తగ్గించి చెప్పాడు. పెళ్లిచూపులప్పుడు "ఫైనల్ రాస్తున్నాను" అన్నాడట. మామగారు పిచ్చేశ్వరరావు ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన చెవికి అది "పాసయ్యాను" అన్నంత గొప్పగా వినబడింది. అల్లుడు ఆడిటరని రేపల్లె అంతా చెప్పుకున్నాడు. ఫైనల్ తప్పినప్పుడల్లా చెబుదామనుకోవడం, ఆయన ఉత్సాహం చూసి నోరు పెగలకపోవడం. చివరికి పరీక్ష రాయడమే మానేశాడు. భార్యకి కూడా ఈ సంగతి తెలియదు.

"ఈ ఉద్యోగం వస్తే ఇంకెవరూ అడగరండీ" అన్నాడు.

అతని గుండె నా లైనింగుకి దడదడా తగులుతోంది. నాకు కోపం రాలేదు. అబద్ధం ఆడేవాణ్ణి చూసి కోప్పడే అర్హత నాకెక్కడిది?

బూడిదరంగు తెర ముందు కూర్చోబెట్టి బాల్‌రాజ్ టీ తాగడానికి వెళ్లాడు. ల్యాప్‌టాప్‌లో హేమలత అనే ఫైనాన్స్ మేనేజర్ వచ్చింది. కళ్లజోడు, జుట్టు వెనక్కి ముడి, మాటల్లో తొందర. ఇంగ్లిషులో మొదలుపెట్టి, ఇతని తడబాటు చూసి తెలుగులోకి దిగింది. జీఎస్టీ గురించి అడిగింది, బ్యాంకు లెక్కకీ మన లెక్కకీ తేడా వస్తే ఎక్కడ వెతుకుతారంది. పని విషయం వచ్చేసరికి పురుషోత్తం గొంతు నిలబడింది. నిదానంగా, బాగా చెప్పాడు. మేడం తల ఊపుతూ ఏదో రాసుకుంది. నాకే ఆశ పుట్టింది.

ఇంతలో బాల్‌రాజ్ వేసి వెళ్లిన టేబుల్ ఫ్యాను గాలికి వెనక తెర కదిలింది.

"మీ వెనక ఎవరున్నారు?" అంది మేడం.

"ఎవరూ లేరండి."

"తెర కదులుతోంది. ఎవరైనా ఆన్సర్లు అందిస్తున్నారా? సారీ, ఈ మధ్య మాకు ఇలాంటివి చాలా వస్తున్నాయి. ఒకసారి లేచి ఆ తెర తీసి చూపించండి."

పాపం, కంగారులో నేనెలా ఉన్నానో అతనికి గుర్తులేదు. లేచాడు, వెనక్కి తిరిగాడు, తెర పక్కకి లాగాడు. తెర వెనక బాల్‌రాజ్ టిఫిన్ డబ్బా, విరిగిన గొడుగు, అంతే. తెరకి ఇవతల మాత్రం నేను. చీలిన వీపు, పచ్చవీ ఎర్రవీ ప్లాస్టిక్ క్లిప్పులు, మధ్యలో చెమటకి తడిసిన అతని చొక్కా. మొత్తం ఆ మేడం కళ్లెదుట. ఎవరికీ చూపించకూడనిది చూపించేశాను. భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది.

అతను తిరిగి కూర్చునేసరికి ఆవిడ నవ్వు ఆపుకుంటోంది. ఆ నవ్వు ఎందుకో అప్పుడు వెలిగింది అతనికి. నా కాలర్ లోపల అతని మెడ వేడెక్కింది.

"కోటు వేసుకోమని మేం అడగలేదండీ" అంది ఆవిడ, మెల్లగానే. "సరే, వదిలేయండి. మీ సీఏ ఏ సంవత్సరం పూర్తయింది?"

ఏదో ఒక సంవత్సరం చెబితే సరిపోయేది. ఫ్యాను తిరుగుతోంది.

"నేను సీఏ కాదు మేడం. సీఏ ఇంటరే. రెజ్యూమేలో అలా వేసింది వేరేవాళ్లు. కానీ చూసి ఊరుకున్నది నేనే."

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. రాసుకున్న కాగితం పక్కన పెట్టింది. "అయితే ఈ పోస్టు మీకు రాదు. తెలుసుగా?"

"తెలుసండి."

"అసిస్టెంట్ పోస్టు ఒకటి ఉంది. జీతం తక్కువ. ఉన్నది ఉన్నట్టు రాసి మళ్లీ పంపండి, అందరితో పాటు చూస్తాను. మాట మాత్రం ఇవ్వను."

ల్యాప్‌టాప్ తెర నల్లబడింది. పురుషోత్తం అలాగే కూర్చుండిపోయాడు. నన్ను విప్పడానికి బాల్‌రాజ్ ఇంకా రాలేదు. అప్పుడే ఫోను మోగింది. మామగారు. ఇంటర్వ్యూ ఎప్పుడు అవుతుందా అని కాచుకుని కూర్చున్నట్టున్నాడు.

"ఏమయ్యా, ఉద్యోగం వచ్చేసినట్టేగా?"

"ఇంకా తెలీదు మామయ్య గారూ. మీకో సంగతి చెప్పాలి." చెప్పేశాడు. పెళ్లిచూపుల నాటి మాట దగ్గర్నుంచి అన్నీ చెప్పాడు. ఫోను నా కాలర్ దగ్గరే ఉంది కాబట్టి అవతలి మాట కూడా నాకు వినబడింది.

ఆయన అన్నాడు. "పోనీలే. ఊళ్లో మాత్రం సీఏ అనే ఉంచుదాం. ఎవడొచ్చి చూస్తాడు? నా ముఖం చూసైనా ఊరుకో అల్లుడూ."

ఆ మాటకి నేను సిగ్గుతో చితికిపోయాను. అది నేను రోజూ చేసే పనే. దాన్ని ఒక పెద్దాయన బతిమాలుతూ అడుగుతున్నాడు.

"వద్దండి మామయ్య గారూ" అన్నాడు పురుషోత్తం. "ఎవరడిగినా సీఏ ఇంటరే అని చెప్పండి. మీ అమ్మాయికి సాయంత్రం నేనే చెబుతాను."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

బాల్‌రాజ్ వచ్చి క్లిప్పులు తీసి నన్ను కొక్కేనికి తగిలించాడు. పురుషోత్తం వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. కొత్త రెజ్యూమేకి ఫొటో కావాలన్నాడు.

"మరి కోటు ఎందుకు ఇప్పిచ్చిన్రు సార్?"

"కోటు వద్దులే."

"అంగీ ఇస్త్రీ గూడ లేదు గదా సార్."

"పర్లేదు, తియ్యి."

ఉద్యోగానికి ఫొటో దిగే మనిషి ముఖాన్ని నేను అంతవరకు చూడనేలేదు, ఎప్పుడూ ఆ గడ్డం కిందే ఉంటాను కాబట్టి. ఆ రోజు కొక్కెం మీద నుంచి చూశాను. ఏడ్చినట్టుగా ఎర్రబడ్డ కళ్లు, నలిగిన చొక్కా, నుదుటి మీద ఆరని చెమట. అయినా ఆ మనిషి లెక్కలు చూస్తానంటే నేను నమ్ముతాను. ఇన్ని ముఖాలకి నేను అవసరమని ఇన్నాళ్లూ ఎలా అనుకున్నానో!

అతనికి ఆ అసిస్టెంట్ పని దొరికిందో లేదో నాకు తెలియదు. కోటుకి ఎవరూ ఫోను చేసి చెప్పరు.

ఫొటో చేతికి రాగానే దాన్ని ఫోనులో మామగారికి పంపాడు. బాల్‌రాజ్‌కి డబ్బులు ఇచ్చి గుమ్మం దాకా వెళ్లేసరికి ఫోను టింగుమంది. ఆయన గొంతు వాయిస్ మెసేజ్‌లో బొంగురుగా వినిపించింది.

"కోటు ఏదయ్యా? వేసుకుంటానన్నావుగా పొద్దున."

పురుషోత్తం గుమ్మంలో నిలబడి ఒకసారి నా వైపు చూశాడు. ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అది అద్దెది మామయ్య గారూ. తిరిగి ఇచ్చేశాను."