పిచ్చుక చీటీలు

ముప్పయ్యో దుప్పటి దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

దుప్పటి మాత్రం ఆగలేదు. రోలరులోంచి వేడివేడిగా, చదునుగా వస్తూనే ఉంది. పట్టుకునే చేతులు లేక బల్ల అంచు దాటి నేలమీదికి జారింది. మిషనుకు అవతలి వైపు తడి దుప్పట్లు అందిస్తున్న పొడుగావిడ గబుక్కున మీట నొక్కి ఆపింది.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు. నువ్వు కానియ్."

"కాసేపు కూర్చోరాదూ? నేను చూసుకుంటాలే."

"కూర్చుంటే ఇంకా కష్టం. కానియ్యమంటున్నాగా."

ఆ షెడ్డులో ఆసుపత్రుల దుప్పట్లు ఉతుకుతారు. ఉతకడం, పిండడం మిషన్లే చేస్తాయి. ఆ తర్వాత తడి దుప్పటిని ఒకరు రోలరుకు అందిస్తే, ఆవిరితో కాగే రోలరు దాన్ని లోపలికి లాక్కుని, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అవతలికి వదులుతుంది. అక్కడ ఇంకొకరు పట్టుకుని మడత పెట్టాలి. రోజుకు ఎనిమిది వందల దుప్పట్లు. మడత పెట్టే ఆమెను అందరూ మడతలమ్మ అంటారు. ఎనిమిది రోజుల క్రితం వరకూ అవతలి వైపు నిలబడి దుప్పట్లు అందించింది ఆమె కూతురు. పంతొమ్మిదేళ్ళది. గొంతుకూ నడకకూ తగ్గట్టు దానికి పిచ్చుక అని పేరు పడింది.

మడతలమ్మకు చదువు రాదు. ప్రార్థన మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చినంత బాగా వచ్చు. దుప్పటికి నాలుగు మడతలు. మొదటి మడతకి దేవుడికి స్తోత్రం. రెండో మడతకి ఆ దుప్పటి మీద పడుకోబోయే రోగికి స్వస్థత. మూడో మడతకి కూతురు. నాలుగో మడతకి మళ్ళీ స్తోత్రం. పెదవి కదలదు, పని ఆగదు. ఎడతెగక ప్రార్థించాలని చర్చిలో చెప్పినప్పుడు తక్కినవాళ్ళు అదెలా కుదురుతుందని బుర్ర గోక్కునేవారు. ఆమెకు ఆ అనుమానం ఎప్పుడూ రాలేదు, కుదిరించుకుంది.

ఆ ఉదయం పనిలోకి తిరిగి వచ్చాక ఇరవై తొమ్మిది దుప్పట్లు అలవాటు కొద్దీ అలాగే మడిచింది. ముప్పయ్యోదాని మూడో మడత దగ్గర గుర్తొచ్చింది, ఆ మడత ఇప్పుడు ఎవరి కోసమో.

షెడ్డు యజమాని చెడ్డవాడని ఎవరూ అనరు. సంఘపెద్ద. మందు ముట్టడు, తిట్టు ఎరగడు, పండగకి అందరికీ బట్టలు పెడతాడు. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. పనిలోకి వచ్చే ప్రతి మనిషీ ఆ రోజు దేవుడికి ఎందుకు కృతజ్ఞుడో ఒక చీటీ మీద రాసి, ఆయన బల్లమీది వెడల్పు మూతి పెద్ద గాజు సీసాలో వెయ్యాలి. పొద్దున్న ఆరు గంటలకు ప్రార్థనలో సారు నాలుగైదు చీటీలు తీసి చదువుతాడు. అందరూ ఆమెన్ అంటారు. చీటీ వెయ్యనివాడికి అరపూట జీతం కోత. అంటే ఇంట్లో రెండు రోజుల పాలు. చీటీలో సణుగుడు రాసినా అంతే.

"సణిగే నోట్లో సంతోషం నిలవదు," అంటాడు సారు. నిజంగానే నమ్మి అంటాడు. దేవుడికి ఇచ్చిన చీటీ పారెయ్యకూడదని కూడా నమ్ముతాడు. నెల కాగానే సీసాలో చీటీలన్నీ సంచికెత్తి భద్రంగా దాస్తాడు. కాగితం మీద ఆయనకున్నంత భక్తి దానిమీద రాసిన మాట మీద కూడా ఉండి ఉంటే ఈ కథ చెప్పే పని నాకు ఉండేది కాదు.

తల్లీ కూతుళ్ళ చీటీలు రెండూ పిచ్చుకే రాసేది. తెల్లవారుజామున పొయ్యి పక్కన బాసింపట్టు వేసుకుని, స్కూలు పుస్తకంలో మిగిలిన కాగితాలు చించి, పెన్సిల్‌తో రాసి అమ్మకు చదివి వినిపించేది. తన చీటీ మూల చిన్న పిచ్చుక బొమ్మ గీసేది, అదే దాని సంతకం.

"నిన్న ఎండ కాసి నా ఒక్కగానొక్క మంచి జాకెట్టు ఆరినందుకు స్తోత్రం," అని రాస్తే సారు పడీపడీ నవ్వాడు. అప్పట్నుంచీ ఆ బొమ్మ ఉన్న చీటీని వెతికి మరీ చదివేవాడు.

ఈ నెల మొదటి తారీఖున రోలరు ముందుండే గార్డు తీసేశారు. అదో ఇనుప కమ్మీ, చెయ్యి తగిలితే చాలు మిషను ఆగిపోతుంది. చిక్కేమిటంటే ముద్దగా వచ్చిన దుప్పటి తగిలినా ఆగిపోతుంది. పెద్దాసుపత్రి పని కొత్తగా వచ్చింది, దుప్పట్లు గుట్టలు పడ్డాయి. "రెండు రోజులు ఓపిక పట్టండి, మళ్ళీ బిగించేద్దాం," అన్నాడు సారు.

మూడో రోజు పిచ్చుక చీటీ ఇలా ఉంది: "గార్డు లేకపోయినా నిన్న నా పది వేళ్ళూ నాతోనే ఇంటికొచ్చినందుకు స్తోత్రం."

సారు గట్టిగా చదివాడు. అందరూ నవ్వారు. నలభై మందీ ఆమెన్ అన్నారు. మడతలమ్మ కూడా అంది.

ఇంటికొచ్చాక కూతుర్ని కోప్పడింది. "దేవుడితో ఎగతాళేంటే?"

"ఎగతాళి కాదమ్మా. గార్డు పెట్టండి సారూ అని రాస్తే సణుగుడంటారు, అరపూట పోతుంది. స్తోత్రమని రాస్తే కనీసం చదువుతారుగా."

"ఆయనకి తెలీదంటావా? టైమొచ్చినప్పుడు పెడతార్లే. నువ్వు మంచి మాట రాయి."

"ఇది మంచి మాటేనమ్మా. వేళ్ళున్నాయి, సంతోషం. అబద్ధమా?"

మర్నాడు కూడా గార్డు చీటీయే చదివి, "ఈ పిల్లకి హాస్యం ఎక్కువ," అని సారు నవ్వాడు. ఆ తర్వాత పిచ్చుక బొమ్మ ఉన్న చీటీ చేతికొస్తే చదవకుండా సీసాలోనే వేసేసేవాడు. పిచ్చుక మాత్రం రోజూ అదే రాసింది, గార్డు తీసేసి ఎన్ని రోజులైందో ఆ లెక్క చేర్చి. పొయ్యి దగ్గర చదివి వినిపించినప్పుడల్లా తల్లి "నీ మొండితనం పాడుగానూ," అనేది. ఆ తిట్టుకు కూడా నవ్వేది ఆ పిల్ల.

పన్నెండో రోజు మధ్యాహ్నం అవతలి నుంచి దుప్పటి సగం వరకూ వచ్చి ఆగింది. మడతలమ్మ చివర పట్టుకుని నిలబడింది. తడి దుప్పటి ముద్దకట్టిందేమో, సరిచేస్తోందేమో అనుకుంది. "ఏమే, లాగనా?" అని కూడా అడిగింది. ఆ అడిగిన మాట ఆమె చెవుల్లోంచి ఈ జన్మకి పోదు.

ఆసుపత్రిలో పిచ్చుక రెండు రోజులు బతికింది. దాని మంచం మీది దుప్పటి మూలన నీలం దారంతో షెడ్డు గుర్తు ఉంది. మడతలమ్మ దాన్ని చూసి, వేలితో తడిమి చూసింది. తన మడతే. రెండో మడతలో స్వస్థత అడిగింది ఎవరి కోసమో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ ప్రార్థన మాత్రం అందలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ప్రమాదం జరిగిన మర్నాడే గార్డు బిగించి, దానికి ఎర్రరంగు కూడా వేశారు.

నిన్న సాయంత్రం సారు ఆమె గదికి వచ్చాడు. ఆ గది కూడా ఆయనదే, షెడ్డు వెనక వరసలో ఉంది. చెప్పులు బయట విడిచి, చాపమీద కూర్చుని, ప్రార్థన చేసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు దొంగవి కావు.

"రేపు పదింటికి తనిఖీ ఆఫీసరు వస్తాడమ్మా. రేపు ప్రార్థన కూడా అప్పుడే పెట్టుకుందాం, ఆయన ముందు. మీరు లేచి రెండు ముక్కలు సాక్ష్యం చెప్పండి చాలు. బిడ్డని దేవుడు పిలుచుకున్నాడు, దీనికి కూడా స్తోత్రం అని."

మడతలమ్మ చాప అంచున లేచిన పుల్లను లోపలికి దూర్చింది.

"గార్డు ఎప్పుడూ ఉన్నదే, పిల్లే ఏమరుపాటుగా ఉంది అని రాసుకుని వెళ్తాడు. అంతటితో అయిపోతుంది. లేకపోతే షెడ్డు మూస్తారు. నలభై కుటుంబాలమ్మా. మీరు పెద్దమనసు చేసుకోవాలి."

"ఏమరుపాటా సారూ?"

"కాగితం మీద మాటే కదమ్మా." ఆయన జేబులోంచి మడిచిన చీటీ తీశాడు. "మీకు రాసిపెట్టేవాళ్ళు లేరని నేనే రాశాను. రేపు ఇది వేసేయండి."

ఆమె తీసుకుంది. నోట్లో నాలుక లేని మనిషి, ఎవరేమిచ్చినా తీసుకునే అలవాటు. మొగుడు పోయినప్పుడు కూడా, బాధపడకుండా పోయాడని స్తోత్రం చెప్పింది. వాన కురిసి గది కారితే, కారేది ఒక్క మూలేనని స్తోత్రం చెప్పింది. ప్రతి కష్టంలోనూ ఎక్కడో ఒక గింజంత మంచి దొరికేది. ఈ ఎనిమిది రోజులూ అలాగే వెతికింది. ఎంత వెతికినా తను అన్న ఆ ఆమెన్ ఒక్కటే చేతికి తగులుతోంది.

పదింటికి మిషన్లు ఆపారు. ఆవిరి బుసకొట్టి సద్దుమణిగింది. నలభై మంది బల్ల చుట్టూ చేరారు. తనిఖీ ఆఫీసరు ఒళ్ళో ఫైలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. వచ్చేటప్పుడే రోలరు చూసి, గార్డు ఉందని రాసుకున్నాడు. సారు ప్రార్థన ముగించి, "ఇప్పుడు మన మడతలమ్మ సాక్ష్యం చెబుతుంది," అన్నాడు.

ఆమె లేచింది. పొడుగావిడ వెనక నుంచి మోచెయ్యి పట్టుకుంది.

"పంతొమ్మిదేళ్ళు నా పిల్లని నాకిచ్చినందుకు స్తోత్రం," అంది.

"ఆమెన్."

"నాకు చదువు రాకపోతే నా చీటీ కూడా అదే రాసిపెట్టినందుకు స్తోత్రం."

"ఆమెన్."

"అది నవ్వితే షెడ్డంతా నవ్వేది. ఆ నవ్వుకి స్తోత్రం."

ఈసారి ఆమెన్ సగం మందే అన్నారు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పమ్మా. దాన్ని దేవుడు పిలుచుకున్నందుకు కూడా..."

"అది నా నోట రాదు సారూ."

ఆమె గొంతు పెంచలేదు. అయినా వెనక నిలబడ్డవాళ్ళకు కూడా వినబడింది.

"అమ్మా, అన్నిటికీ కృతజ్ఞత చెప్పాలని మీకు నేను చెప్పాలా?"

"వద్దు సారూ, నాకు తెలుసు. పొద్దుట లేస్తే ఊపిరికి చెబుతాను. కానీ దేవుడు పిలిస్తే నా పిల్ల నిద్రలో పోయేది. అది రోలరులో పోయింది. మనం చేసింది తీసుకెళ్ళి ఆయన మీద వెయ్యలేను. నాకింక మిగిలింది ఆయనొక్కడే."

పిడికిట్లో చెమటకు మెత్తబడ్డ చీటీని ఆమె బల్లమీద పెట్టింది. "ఇది నా చీటీ కాదు."

"కూర్చోండమ్మా. మనసు బాగాలేదు మీకు," అన్నాడు సారు. ఆయన చెయ్యి ఆమె భుజం వైపు వచ్చింది గానీ తగల్లేదు.

"పిచ్చుక కూడా సాక్ష్యం రాసిపెట్టి పోయింది. అది చదవండి. దాని చీటీలు చదవడం మీకు ఇష్టం కదా."

ఆమె సీసా మూత తీసింది. ఎనిమిది రోజుల చీటీలు పైన పడి ఉన్నాయి. చెయ్యి లోపలికి పెట్టింది. మణికట్టు దిగింది, మోచెయ్యి దిగింది. పొడుగావిడ చూడలేక మొహం తిప్పుకుంది. మడతలమ్మ ఒక్కొక్క కాగితమే పైకి తీసి మూల చూసి పక్కన పెట్టింది. అక్షరాలు ఆమెకు తెలియవు, పిచ్చుక బొమ్మ తెలుసు. చివరికి దొరికింది. రెండు చేతులతో పట్టుకుని సారుకు అందించింది.

ఆయన అలవాటైన గొంతుతో, స్తోత్రం చదివే గొంతుతో మొదలుపెట్టాడు.

"గార్డు తీసేసి తొమ్మిది రోజులైంది. నిన్న కూడా..."

ఆగిపోయాడు.

"పూర్తి చెయ్యండి సారూ," అంది పొడుగావిడ. మూడేళ్ళలో ప్రార్థనలో ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. "అది స్తోత్రమే. సణుగుడు కాదు."

ఆఫీసరు ఫైలు మూసి, గార్డు మీది ఎర్రరంగు వైపు చూశాడు. తర్వాత సారు వైపు చూశాడు.

సారు చీటీ మడిచాడు. "మంచిది," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "మంచిది. అందరూ ఆమెన్ అనండి. పనికి వెళ్దాం."

నలభై నోళ్ళు అలవాటు కొద్దీ తెరుచుకోబోయాయి. మడతలమ్మ పెదవులు కూడా విడివడ్డాయి. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టుకుని గట్టిగా నొక్కింది. ఒక్క గొంతూ లేవలేదు.

"ఆమెన్ అనండి," అన్నాడు సారు మళ్ళీ.

మడతలమ్మ నోటి మీంచి చెయ్యి తీసి, మళ్ళీ సీసాలో పెట్టింది.

"ఇంకా తొమ్మిది ఉన్నాయి సారూ," అంది.