బలం బిళ్ళ

ఉదయం ఏడు గంటలకు ఆత్రేయపురంలో అచ్చాయమ్మను ఎవరు పలకరించినా తల తిప్పదు. పొగరనుకునేరు, కాదు. ఎదురుగా బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట, చేతిలో పలచటి పిండినీళ్ళలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే పూతరేకు వస్తుంది. కన్ను పక్కకు తిప్పితే మాడిపోతుంది. అందుకని ఆవిడ ఏది అడిగినా కుండనే అడుగుతున్నట్టుంటుంది.

"హారతీ, బిళ్ళ వేసుకున్నావా?"

"వేసుకున్నా మామ్మా" అంటూ తొమ్మిదేళ్ళ మనవరాలు టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

రేకుల కోసం వచ్చిన పక్కింటి సంపూర్ణమ్మ అడిగింది. "ఏం బిళ్ళండీ అది, రోజూ వేస్తున్నారు?"

"బలానికండి. పిల్ల నీరసంగా ఉంటుందని డాక్టరుగారు రాశారు."

ఎంత మామూలు మాటో చూశారా! కానీ ఆ బిళ్ళ హెచ్‌ఐవీకి. హారతికి అది పుట్టుకతో వచ్చింది. తల్లీ తండ్రీ ఆ జబ్బుతోనే పోయారు. ఊళ్ళో మాత్రం అచ్చాయమ్మ కామెర్లని చెప్పింది.

అచ్చాయమ్మను తప్పుపట్టే ముందు మనల్ని మనం ఒక మాట అడుగుదాం. ఆ ఇంట్లో హెచ్‌ఐవీ ఉన్న పిల్ల ఉందని తెలిస్తే ఆవిడ చేతి రేకులు మనలో ఎంతమందిమి కొంటాం? తిండి వల్ల అది అంటుకోదని మనమంతా బళ్ళో చదువుకున్నాం. చదివింది పరీక్షలో రాసేసి, అక్కడే వదిలేసి వచ్చాం. ఆవిడకు ఆ కుండ ఒక్కటే ఆధారం. పిల్ల నోరు జారితే ఆ పొయ్యి ఆరిపోతుందని భయం. అందుకే ఊరికి చెప్పిన అబద్ధాన్నే పిల్లకూ చెప్పింది.

నెలకోసారి ఇద్దరూ ధవళేశ్వరం మీదుగా బస్సులో రాజమండ్రి వెళ్ళి మందులు తెచ్చుకుంటారు. అక్కడ కౌన్సెలర్ తబిత డబ్బాలో మిగిలిన బిళ్ళలు లెక్కపెడుతుంది. ముప్పై ఇస్తే, గడిచిన రోజులు పోను ఎన్ని ఉండాలో అన్నే ఉండేవి. "మీలా వేయించేవాళ్ళు లేరండి" అని మెచ్చుకునేది కూడా.

ఈసారి మాత్రం డాక్టర్ లోకనాథ్ రిపోర్టు చూసి కళ్ళజోడు తీసేశారు.

"పిల్ల రక్తంలో వైరస్ బాగా పెరిగిపోయిందమ్మా. మందు సరిగ్గా పడట్లేదు. ఇలాగే సాగితే ఈ మందు పనిచెయ్యడం మానేస్తుంది. మార్చి ఇద్దామంటే చిన్నపిల్లలకి వేరే మందులు ఎక్కువ లేవు."

అచ్చాయమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుంది. "కొడుకునీ కోడల్నీ మట్టిలో పెట్టాను బాబూ. దీన్ని కూడా పెట్టమంటారా? ఒక్క రోజు మానలేదండి. డబ్బా చూసుకోండి."

తబిత డబ్బా చూసింది. లెక్క సరిపోయింది. ఆవిడ ముసలామెను గదమాయించలేదు. హారతి పక్కన నేల మీద కూర్చుని, మంచినీళ్ళ బల్ల మీది స్టీలు గ్లాసు తీసి ఇచ్చింది.

"ఇది మీ వంటిల్లు అనుకో. పొద్దున్న ఏడైంది. బిళ్ళ ఎలా వేసుకుంటావో ఆడి చూపించవా?"

హారతి గ్లాసు అందుకుని అటూ ఇటూ చూసింది. "ఇంకో గ్లాసు కావాలి ఆంటీ."

"ఎందుకమ్మా?"

"ఇది నాది. అది మామ్మది. ఒకరోజు నేను మింగుతాను. మర్నాడు నీళ్ళల్లో కరిగించి మామ్మ టీలో పోస్తాను."

అచ్చాయమ్మ మనవరాలి వైపు తిరిగింది. "నా టీలోనా? ఎందుకే?"

"నీకు బలం లేదు కదా మామ్మా. పొగకి దగ్గుతావు. లేచేటప్పుడు నడుం పట్టుకుంటావు. నువ్వు పడిపోతే నాకెవరున్నారు? నేనైతే బళ్ళో పరుగుపందెంలో ఫస్టు. అందుకని చెరో రోజు పెట్టాను."

నాలుగు నెలలుగా టీ ఎందుకు చేదుగా ఉంటోందో అచ్చాయమ్మకు అప్పుడు తెలిసింది. టీపొడి కల్తీ అని కొట్టువాడితో పెద్ద తగువే పెట్టుకుంది పాపం! ఎదురుగా కూర్చున్న పిల్లను చూస్తుంటే ఆవిడకు దుఃఖం ఆగలేదు.

"తప్పు నాది కూడా అండి. నేను డబ్బాని చూశాను, పిల్లని అడగలేదు" అంది తబిత. "ఇక పాపకి నిజం చెప్పేద్దాం మామ్మగారూ. జబ్బు పేరు ఇవాళే చెప్పక్కర్లేదు, కాస్త పెద్దయ్యాక చెబుదాం. అబద్ధం మాత్రం వద్దు."

అచ్చాయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేనే చెబుతానండి."

మనవరాలి రెండు చేతులూ పట్టుకుంది. "అది బలానికి కాదమ్మా. నీ ఒంట్లో కంటికి కనపడని పురుగు ఒకటుంది. పుట్టినప్పటి నుంచీ ఉంది, నీ తప్పేం లేదు. రోజూ బిళ్ళ పడితే అది నిద్రపోతుంది. మానేస్తే లేచి కూర్చుంటుంది. నా ఒంట్లో అది లేదు. నీ బిళ్ళ నాకు అక్కర్లేదు."

హారతి అడిగింది. "అయితే దాన్ని నేనే లేపానా?"

"తెలీక చేశావమ్మా."

"తెలిస్తే చేసేదాన్ని కాదుగా. నువ్వు చెప్పలేదు."

డాక్టరుగారు అచ్చాయమ్మనూ పరీక్షించి, ఆ మందు వల్ల ఆవిడకు హాని జరగలేదని తేల్చారు. మూడు నెలల తర్వాత పిల్లకు మళ్ళీ రక్తపరీక్ష చేద్దామన్నారు.

మర్నాటి నుంచి ఏడింటికి అచ్చాయమ్మ పొయ్యిలో మంట వెనక్కి లాగి, మనవరాలికి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ రోజుకి పది రేకులు తగ్గినా సరే. బిళ్ళ మింగి హారతి తనంతట తనే నోరు తెరిచి చూపించేది.

మూడు నెలలూ గడిచాయి. రిపోర్టు చూసి లోకనాథ్ గారు నవ్వారు. వైరస్ బాగా తగ్గింది, మందు మార్చక్కర్లేదు. అచ్చాయమ్మ ఆయనకు దణ్ణం పెట్టి బయటికి వచ్చింది.

వరండా బెంచీ మీద ఒకామె ఒళ్ళో కూతుర్ని బుజ్జగిస్తోంది. "మింగెయ్ తల్లీ, బలానికి."

అచ్చాయమ్మ ఆగిపోయింది. వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"నీ కూతురికి దాని వయసుకి తగ్గట్టు నిజం చెప్పమ్మా. ఎందుకో తెలిస్తేనే పిల్లలు మందు సరిగ్గా వేసుకుంటారు. నేను చెప్పలేదు. నా మనవరాలు తన ప్రాణం నిలబెట్టే మందు నాకు తాగించింది."