గుండ్లవాగు సన్నాయి

నేను ఒక నాదస్వరాన్ని. పుస్తకాల్లో రాసే పేరు అది. పల్నాడు పల్లెల్లో మాత్రం అందరూ నన్ను సన్నాయి అనే అన్నారు, నేనూ ఆ పేరుకే పలికాను.

నా ఒళ్లు పాత చెక్క. తమిళదేశంలో కావేరి పక్కన ఒక ఊళ్లో, కూలగొట్టిన ఇంటి దూలం ముక్కను ఒక ఆచారి తెచ్చుకుని, ఏళ్ల తరబడి నీడన ఆరబెట్టి, నన్ను తొలిచాడు. ఇంటి బరువు మోసి మోసి గట్టిపడిన చెక్కయితేనే మనిషి ఊపిరికి తట్టుకుంటుందని అతని నమ్మకం. నన్ను కొనడానికి గుండ్లవాగు నుంచి పెదమస్తాను అనే విద్వాంసుడు రైళ్లు మారి వచ్చాడు. దుకాణంలో ఉన్న సన్నాయిలన్నీ ఊది చూశాడు. నన్ను ఊదాక ఇంక వేరేది ముట్టుకోలేదు, ఆ మధ్యాహ్నం అన్నం సంగతే మరిచిపోయాడు. ఆయన పోయాక ఆయన కొడుకు నాగుల్‌మీరా చేతికి వచ్చాను. నేను చెప్పబోయేదంతా నాగుల్‌మీరా సంగతే.

వాళ్లు దూదేకుల సాయిబులు. శుక్రవారం మసీదుకు వెళ్లేవారు, శనివారం తెల్లవారుతూనే కేశవస్వామి గుడిలో మేలుకొలుపు వాయించేవారు. ఇందులో గుండ్లవాగులో ఎవరికీ వింత కనిపించలేదు. పూజారి నిద్ర లేచేది కూడా మా మేలుకొలుపుకే.

పెళ్లిళ్లలో మనుషుల తీరు నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించేది. మమ్మల్ని ఎవరూ వినరు. నగల గురించి, వంటల గురించి, రాని బంధువుల గురించి మా చెవుల దగ్గరే గట్టిగా మాట్లాడుకుంటారు. అలాగని ఒక్క క్షణం ఆపితే మాత్రం పందిరంతా తలెత్తి చూస్తుంది. నాగుల్‌మీరా దానికి ఎన్నడూ బాధపడలేదు. "గాలి పీల్చేవాళ్లు గాలిని మెచ్చుకుంటారా ఏంది?" అనేవాడు డోలు వాయించే తిరుపాలుతో.

అయితే గట్టిమేళం దగ్గర అందరూ వినేవారు. తాళి కట్టే ఘడియలో వాద్యాలన్నీ ఒక్కసారిగా హోరెత్తాలి. చాలామంది విద్వాంసులు పురోహితుడి కేక కోసం చూస్తారు. నాగుల్‌మీరా పెళ్లికొడుకు వేళ్లనే చూసేవాడు. వణికే వేళ్లయితే కాస్త ఆగేవాడు, తొందరపడే వేళ్లయితే ముందే అందుకునేవాడు. మొదటి ముడి పడటమూ నా గొంతు పైస్థాయిని తాకడమూ ఒకేసారి జరిగేవి. పెళ్లికూతురు తల్లులు సరిగ్గా అప్పుడే కొంగు కళ్లకు అద్దుకునేవారు.

వంశీధర్ మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. టౌనులో సంగీత కళాశాలలో చదివేవాడు. సెలవు దొరికితే చాలు బస్సెక్కి గుండ్లవాగు వచ్చేసేవాడు. నాగుల్‌మీరా భార్య మౌలాబీ అతనికి తన పిల్లలతో పాటే కంచం పెట్టేది. రాగం అతనికి బాగా తెలుసు, పట్టుదలా ఉంది. ఊపిరే చాలదు. నన్ను అందుకుని ఊదినప్పుడు పల్లవి సగంలోనే అతని బుగ్గలు ఎర్రబడేవి. ఒకనాడు నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు.

"ఏడవమాక నాయనా. వాయించేవాళ్లు వేరు, వాయించేవాళ్లను నిలబెట్టేవాళ్లు వేరు. నువ్వు ఆ రెండో పని చెయ్యి" అన్నాడు నాగుల్‌మీరా.

వంశీధర్ ఆ మాట పట్టుకున్నాడు. చదువు పూర్తిచేసి, పరీక్షలు రాసి ఉద్యోగస్థుడయ్యాడు. సరిగ్గా అదే సమయంలో ప్రభుత్వానికి సంగీతం గుర్తొచ్చింది. బట్టలకు మిల్లులున్నాయి, సిమెంటుకు ఫ్యాక్టరీలున్నాయి, మన సంగీతం మాత్రం ఎందుకు పరిశ్రమ కాకూడదని ఒక మంత్రిగారు సభలో అడిగారు. జనం చప్పట్లు కొట్టారు. దేశీయ సంగీతాభివృద్ధి సంస్థ అని ఒకటి పుట్టింది, దానికి భవనం కట్టారు, అందులో వంశీధర్ అధికారి అయ్యాడు.

ఒక ఉదయం ఆ సంస్థ కారు మా ఇంటి ముందు ఆగింది. వంశీధర్ దిగి గురువు కాళ్లకు నమస్కారం చేశాడు.

"మాస్టారూ, మీ వాద్యం రికార్డు చెయ్యాలని పైవాళ్లను ఒప్పించాను. పెళ్లి మేళం మొత్తం, మొదటి నుంచి చివరి దాకా. దేశమంతా వింటుంది."

నాగుల్‌మీరా ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగింది. అయినా ఒక మాట అడిగాడు. "అబ్బాయ్, ఒకసారి పెట్టెలోకి ఎక్కినాక మళ్లీ మమ్మల్ని పిలుస్తారా?"

వంశీధర్ నవ్వాడు. "రికార్డు విన్నవాళ్లు మనిషిని చూడాలనుకుంటారు మాస్టారూ. మీకు తీరిక లేకుండా పోతుంది, చూడండి."

మౌలాబీ అతనికి ఇష్టమని గోంగూర పచ్చడి కలిపి పెట్టింది. అతను తృప్తిగా తిన్నాడు. ఆ రోజు అతను అబద్ధం చెబుతున్నాడని నాకు కూడా తట్టలేదు. మనుషుల ఊపిరి మంచిదో చెడ్డదో నాకు తెలుస్తుంది అనుకునేదాన్ని. ఊదినప్పుడే తెలుస్తుంది కాబోలు, మాట్లాడినప్పుడు తెలియదు.

సంస్థ స్టూడియోలో చల్లటి గది. గోడలకు మెత్తటి గుడ్డ. ఊదిన స్వరం గోడను తాకి వెనక్కి రాదు, అక్కడే చచ్చిపోతుంది. నాగుల్‌మీరా మొదట తడబడ్డాడు, తర్వాత కళ్లు మూసుకుని గుడి తలుచుకున్నాడు. ఎదుర్కోలు పాటలు, మంగళస్నానం, ఊరేగింపు, అన్నీ వాయించాడు. నేను అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ అంత బాగా పలకలేదు. అద్దం అవతల కూర్చున్న ఉద్యోగులు పని మానేసి విన్నారు.

చిక్కు గట్టిమేళం దగ్గర వచ్చింది. ఎదురుగా పెళ్లి లేదు. నాగుల్‌మీరా రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాడు. "ఎవరి వేళ్లు చూసి ఎత్తుకోవాల నేను?" అన్నాడు తిరుపాలుతో. అప్పుడు వంశీధర్ లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. మెడలోని కండువా తీసి, ఒక కుర్చీ కాలికి తాళిలా చుట్టి, నిదానంగా ముడి వేయడం మొదలుపెట్టాడు. నాగుల్‌మీరా అతని వేళ్లు చూశాడు. ముడి పడింది, గది దద్దరిల్లింది. తిరుపాలు డోలు పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. గట్టిమేళానికి ఏం కావాలో వంశీధర్‌కు అంత బాగా తెలుసు. నేను ఎప్పటికీ మన్నించలేనిది అదే.

రికార్డు విడుదల సభలో శాలువా కప్పారు. స్పీకర్లలోంచి నా గొంతు వినిపించింది. నేను నాగుల్‌మీరా ఒళ్లో గుడ్డ సంచిలో మౌనంగా ఉన్నాను, నా గొంతేమో హాలంతా తిరుగుతోంది. నాకు భయమేసింది. నాగుల్‌మీరా మాత్రం పట్టలేని సంతోషంతో మౌలాబీ చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంటికి పిలుపులు తగ్గాయి. మొదట్లో ముహూర్తాలు లేవేమో అనుకున్నాడు నాగుల్‌మీరా. శ్రావణం వచ్చింది, ఊళ్లో పందిళ్లు లేచాయి, మా గుమ్మం తొక్కినవాళ్లు లేరు. చివరికి టౌనులో ఫంక్షన్ హాలు మేనేజరును వెళ్లి అడిగాడు. అతను మర్యాదస్తుడు. కుర్చీ వేసి టీ తెప్పించి, గోడకు బిగించిన ఒక పెట్టె చూపించాడు. సంస్థ హాళ్లన్నిటికీ, గుళ్లన్నిటికీ వాటిని ఇస్తోందట. ఎదుర్కోలుకు ఒక మీట, గట్టిమేళానికి ఒక మీట, ఊరేగింపుకు ఒక మీట.

"నువ్వేనంటగా మీరా వాయించింది! భలే ఉందయ్యా. రోజుకు రెండు పెళ్లిళ్లు చేస్తంది నీ సన్నాయి" అన్నాడు మెచ్చుకోలుగా.

నాగుల్‌మీరా టీ తాగకుండానే లేచి వచ్చేశాడు. బస్సులో నన్ను గుండెకు ఆనించుకుని కూర్చున్నాడు. "వంశీకి తెలిసుండదులే. తెలిస్తే ఊరుకుంటాడా?" అని తనకు తానే చెప్పుకున్నాడు. ఇంటికి వచ్చి మౌలాబీతోనూ అదే మాట అన్నాడు.

చైత్రంలో కేశవస్వామి కల్యాణం. పెదమస్తాను తాత కాలం నుంచీ ఆ కల్యాణానికి మేళం మాదే. ఎవరూ పిలవక్కర్లేదు, మేము వెళ్లాల్సిందే. నాగుల్‌మీరా తెల్ల పంచె కట్టి, తిరుపాలును వెంటబెట్టుకుని వెళ్లాడు. మంటపం స్తంభానికి అదే పెట్టె. ముందు వరుసలో వంశీధర్. పెట్టెను ప్రారంభించడానికి వచ్చాడు.

ధర్మకర్త వెంకటప్పయ్య ఎదురొచ్చాడు. "రా మీరా, కూర్చో. ఈ ఏడు నీకు శ్రమ లేదులే. నీ పాటే పెడుతున్నాం."

పెట్టె మోగింది. నాగుల్‌మీరా కాసేపు నిలబడి విన్నాడు. తర్వాత నన్ను సంచిలోంచి తీసి పెదవులకు ఆనించాడు. తిరుపాలు వద్దన్నట్టు చేయి పట్టుకున్నాడు, నాగుల్‌మీరా వదిలించుకున్నాడు. తన పాటతో తానే కలవబోయాడు. పెట్టె అలిసిపోదు, ఊపిరి తీసుకోవడానికి ఆగదు. స్టూడియోలో వాయించిన ఆ మనిషి ఇతనికంటే బలంగా ఉన్నాడు, ఇతని మనసులో ఉన్న బరువు అతనికి లేదు. నాగుల్‌మీరా వెనకబడ్డాడు. అందుకున్నాడు, మళ్లీ వెనకబడ్డాడు. నా స్వరం పగిలింది. జనం చెవులు మూసుకున్నారు.

"మీరా, ఆపవయ్యా. రెండూ కలిసి గోలగా ఉంది" అన్నాడు వెంకటప్పయ్య.

ఆపింది పెట్టెను కాదు, మమ్మల్ని. నాగుల్‌మీరా నన్ను దించేశాడు. ఇంతలో ఎవరో తొందరపడి గట్టిమేళం మీట నొక్కారు. మంగళసూత్రం ఇంకా పూజారి చేతిలోని పళ్లెంలోనే ఉంది. పాట అయిపోతుందేమోనని కంగారుపడి, మంత్రం మింగేసి, అమ్మవారి మెడలో గబగబా ముడి వేసేశాడు. ఎవరూ గమనించలేదు. అక్షింతలు పడ్డాయి.

జనం ప్రసాదాలకు వెళ్లాక వంశీధర్ మంటపం మెట్ల దగ్గరికి వచ్చాడు.

"నీకు ముందే తెలుసా?" అని అడిగాడు నాగుల్‌మీరా.

వంశీధర్ తల దించుకున్నాడు. "తెలుసు మాస్టారూ" అన్నాడు. "పెట్టెల కోసమే రికార్డింగు. మీది కాకపోతే ఇంకొకరిది తీసుకునేవారు. ఎలాగూ ఆగనిది, కనీసం మీ వాద్యమైనా నిలుస్తుందని..."

"మా ఇంట్లో అన్నం తింటా ఈ మాట చెప్పలేకపోయినావా?"

"చెబితే మీరు వాయించేవారు కాదు."

"గదా" అన్నాడు నాగుల్‌మీరా. ఆ ఒక్క మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

వంశీధర్ తల దించుకునే ఇంకో మాట చెప్పాడు. సంస్థ భవనంలో మ్యూజియం పెడుతున్నారట, గొప్ప విద్వాంసుల వాద్యాలు గాజు పెట్టెల్లో ఉంచుతారట, మాస్టారి సన్నాయి అక్కడ ఉంటే గౌరవంగా ఉంటుందట. తిరుపాలు తిట్టబోయాడు. నాగుల్‌మీరా చెయ్యెత్తి ఆపాడు. నా నోట్లోంచి రెల్లు పీక తీసి జేబులో వేసుకున్నాడు. నన్ను వంశీధర్ చేతుల్లో పెట్టాడు.

"గొంతు తీసుకుపోయినావు. ఇంక ఈ కట్టె నాకెందుకు? ఇది గూడా తీసుకుపో."

వంశీధర్ చేసింది నేను అర్థం చేసుకోగలను, ఉద్యోగస్థుల సంగతి లోకానికి తెలిసిందే. కానీ నాగుల్‌మీరా నన్ను ఇచ్చేస్తాడని కలలో కూడా అనుకోలేదు. ఎప్పుడు వాయించినా నన్ను మెత్తటి గుడ్డతో తుడిచి సంచిలో పెట్టేవాడు. ఆ రోజు తుడవలేదు. అతని ఉమ్మితడి ఆరకుండానే కారెక్కాను.

ఇప్పుడు గాజు పెట్టెలో ఉన్నాను. నా కింద 'ప్రాచీన మంగళవాద్యం' అని రాశారు. ఎవరు వాయించారో రాయలేదు. ఆమధ్య తిరుపాలు వచ్చాడు. కాపలావాడు అటు తిరిగాక గాజుకు ముఖం ఆనించి, మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"బాగుండావా? మీ అయ్య బాగానే ఉన్నాళ్లే. టౌనులో బామ్మర్ది దుకాణంలో పరుపులు కుడతన్నాడు. ఏ పెళ్లికీ పోడు. నీ మాట ఎత్తితే లేచి అవతలికి పోతాడు."

అతను వచ్చి వెళ్లిన కొద్దిరోజులకే వంశీధర్ వచ్చాడు. ఇప్పుడతను ఆ సంస్థకే పెద్ద. వెంట ఢిల్లీ నుంచి వచ్చిన అతిథులు. నా ముందు ఆగి, నాగుల్‌మీరా పేరు చెప్పాడు, గట్టిమేళం గురించి చెప్పాడు, మౌలాబీ పెట్టిన అన్నం గురించి కూడా చెప్పాడు. చెబుతూ చెబుతూ తనకు తెలియకుండానే వేళ్లతో గాలిలో ముడి వేశాడు.

అతిథుల్లో ఒక పెద్దావిడ కదిలిపోయింది. "వారిని ఒకసారి చూడొచ్చా? ఎక్కడుంటారు?" అని అడిగింది.

వంశీధర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మాస్టారు ఇప్పుడు లేరండీ" అన్నాడు.

ఆవిడ నాకు రెండు చేతులెత్తి నమస్కరించింది. మిగతావాళ్లు తలలు వంచారు. ఎవరైనా ఒక్కసారి నన్ను తీసి ఊదితే బాగుండునని ఆ క్షణంలో కోరుకున్నంతగా నేను ఎన్నడూ కోరుకోలేదు. వాళ్లు తర్వాతి గదిలోకి వెళ్లిపోయారు.

నాగుల్‌మీరా బతికే ఉన్నాడు.