జిగురు చుక్క

శాస్త్రీయ సంగీతానికి పత్రిక నడపడమంటేనే చెవిటివాడి ముందు శంఖం ఊదడం. ఆ ఊదే పని పాతికేళ్లుగా తన ఒక్కదాని మీదే పడిందని ఆవిడ నమ్మకం. పత్రికలో కచేరీల మీద విమర్శ రాసేది ఆవిడే. నడిమి పన్నెండు పేజీలూ ఆవిడవే. ఎవరి శ్రుతి ఎక్కడ జారిందో, ఎవరి తాళం ఏ మలుపులో కాలు విరగ్గొట్టుకుందో మొహమాటం లేకుండా రాసేది. గాయకులు చాటుగా ఆవిడకి 'చెవిపోటు' అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి ఆవిడ బాధపడలేదు సరికదా, కాస్త మురిసింది కూడా. పోటు రావాలన్నా చెవులంటూ ఉండాలి కదా అనుకుంది.

ఇప్పుడు ఆ పన్నెండు పేజీలకే ఎసరు వచ్చింది. యజమాని పెద్దవాడైపోయి పత్రికని అల్లుడి చేతిలో పెట్టాడు. అల్లుడు అంతకుముందు సబ్బుల కంపెనీలో పనిచేశాడు. వచ్చీరాగానే అందరితో సమావేశం పెట్టి గోడకి తెల్లబోర్డు తగిలించి, దాని మీద ఒక మనిషి బొమ్మ గీసి, కింద 'మన పాఠకుడు' అని రాశాడు. ఆ బొమ్మకి నలభై దాటాయట. సొంత కారుందట. ఆఫీసుకి వెళ్తూ వయొలిన్ వింటాడట, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా స్టీరింగు మీద తాళం వేస్తాడట.

"తప్పు తాళం" అంది ఆవిడ. ఆ సమావేశంలో ఆవిడ నోరు విప్పింది ఆ ఒక్కసారే. అల్లుడు నవ్వి, బొమ్మ పక్కన అది కూడా రాసుకున్నాడు. సిగ్గూ శరం లేని మనిషితో పోట్లాట కుదరదని ఆవిడకి అప్పుడే అర్థమైంది.

తరవాత అతను పాఠకుల్ని పిలిపించి ఒక గదిలో కూర్చోబెట్టాడు. బిస్కెట్లు పెట్టాడు, కాఫీ పోయించాడు. గదికి ఒకవైపు అద్దం. ఇవతలి నుంచి చూసేవాళ్లు లోపలివాళ్లకి కనబడరు. ఆవిడ అద్దం ఇవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపల ఉన్నవాళ్లలో సగం మంది ఆవిడకి ముఖపరిచయమే. పాట పూర్తికాకముందే చప్పట్లు కొట్టే బ్యాంకు మేనేజరున్నాడు. కచేరీ నడుస్తుంటే పక్కవాళ్లకి రాగం పేరు చెప్పే పళ్ల డాక్టరున్నాడు, చెప్పిన పేరు ఏనాడూ సరైంది కాదు. ఎవరు పాడినా కళ్లు మూసుకుని తలూపే సంగీతం టీచరుంది. ఆమె తలూపేది నిద్రలోనని ఆవిడ అనుమానం.

పత్రిక రాగానే ముందు ఏం చదువుతారని అల్లుడు అడిగాడు. ఒకరి తరవాత ఒకరు విమర్శే చదువుతామన్నారు. మేనేజరు రెండుసార్లు చదువుతానన్నాడు. అంతసేపూ వాళ్లని గాడిదలు, గంధప్పొడి అంటూ లోలోపల తిట్టుకుంటున్న ఆవిడ ఆ మాటతో మెత్తబడింది. మొద్దులైతే అయ్యారు గానీ, పెద్దవాళ్ల మాట మీద గౌరవముంది పాపం అనుకుంది. బయటికొచ్చి, విన్నావా అన్నట్టు అల్లుడి వైపు చూసింది.

"సబ్బుల కంపెనీలో కూడా అంతే మేడమ్. రోజుకి రెండుసార్లు స్నానం చేస్తామని అందరూ చెప్పేవాళ్లు" అన్నాడతను.

అందుకే అతనికి నోటిమాట మీద నమ్మకం లేదు. ఒక పాత పద్ధతి ఉందన్నాడు. బైండింగులోనే ప్రతి రెండు పేజీల మధ్యా, బయటి అంచు దగ్గర, నువ్వుగింజంత జిగురు చుక్క పెట్టిస్తారు. పేజీ తిప్పితే అది తనంతట తనే ఊడిపోతుంది, తిప్పినవాడికి తెలియను కూడా తెలియదు. తిప్పకపోతే అలాగే అంటుకుని ఉంటుంది. అలాంటి ప్రతులు కొందరికిచ్చి, చదివి అభిప్రాయం రాసి, పత్రిక తిరిగి ఇమ్మంటారు. వచ్చాక ఎవరు ఎక్కడిదాకా చదివారో జిగురే చెబుతుంది. తిరిగొచ్చిన వాటిలో సగానికి పైగా విమర్శ పేజీలు విడి ఉంటే పన్నెండూ ఆవిడవే. లేకపోతే రెండు ఆవిడకి వదిలి, మిగతా వాటిలో 'కళాకారుల ఇళ్లు' అని రంగుల ఫొటోలు వేస్తారు.

ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే భయపడిందంటారు. పైగా ఒక షరతు పెట్టింది. ప్రతులు ఎవరికివ్వాలో తనే చెబుతుంది, కార్లున్నవాళ్లకి కాదు, చెవులున్నవాళ్లకి ఇవ్వాలి. సరేనన్నాడు అల్లుడు. ఆవిడ ఏళ్ల తరబడి ముందువరసలో కూర్చునేవాళ్లని ఎంచింది, విమర్శే చదువుతామన్నారు కదాని మేనేజర్నీ డాక్టర్నీ కూడా కలిపింది, కొందరు టీచర్లని, కొందరు గాయకుల్ని ఎంచింది. చివర్లో ఎందుకైనా మంచిదని తమ్ముడి పేరు కూడా చేర్చింది.

తమ్ముడు వయొలిన్ వాయిస్తాడు. ఎవరి పక్కన కూర్చోమంటే వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు ఎంత వాయించమంటే అంత వాయిస్తాడు. వాడి గురించి ఆవిడ ఇన్నేళ్లలో ఒక్క ముక్క రాయలేదు. ఎవరైనా అడిగితే సొంతవాళ్ల గురించి రాయకూడదని నీతులు చెప్పేది. అసలు సంగతేమిటంటే, రాయడానికి వాడి దగ్గర ఏముందిలే అని. ఆ మాట వాడితో అనలేదు. అనకుండానే తెలిసేలా ఇన్నేళ్లూ మెలిగింది. అయినా వాడు నెలనెలా పత్రిక రాగానే ఫోన్ చేసి "బాగా రాశావక్కా" అనేవాడు. ఆ మాట ఆవిడకి గడియారం గంట కొట్టినట్టే ఉండేది.

ఈసారి సంచికలో వాడు రాసింది కూడా ఉంది. వాడి జన్మకి అదే మొదటి రాత. పేరు 'తెర లేవకముందు'. తెర వెనక శ్రుతి చేసుకునేటప్పటి సంగతులట, ఉపసంపాదకుడు ముచ్చటపడి వేసుకున్నాడు. సంచిక వచ్చిన రోజు వాడు ఎప్పటిలాగే ఫోన్ చేసి, ఆవిడ రాసినదాన్ని మెచ్చుకుని, కాసేపు నసిగి, నాది చూశావా అని అడిగాడు.

"చూశాన్రా. బాగానే ఉంది. వాక్యాలే మరీ పొడుగు. కాస్త కుదించడం నేర్చుకో" అంది ఆవిడ, కళ్లజోడు తుడుచుకుంటూ.

చూడలేదు. తమ్ముడి రాత చూడాలా, ఊహిస్తే సరిపోదూ. నోరులేనివాడు కలం పట్టాడంటే ఆగలేక సాగదీస్తాడని ఆవిడ అంచనా. కచేరీల సంగతిలో ఆవిడ అంచనాలు ఎప్పుడూ తప్పలేదు మరి.

ప్రతులు తిరిగొచ్చాయి. విప్పి చూసే రోజున యజమాని కూడా వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. తమ్ముడు తన ప్రతి చేతికిద్దామని వస్తే, ఉండండి, మీరూ చూద్దురుగానని అల్లుడు కూర్చోబెట్టాడు. వాడు వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు.

మొదటిది మేనేజరుది. అభిప్రాయం కాగితం మీద 'విమర్శ చదివి ఒళ్లు పులకరించింది' అని రాశాడు. విమర్శ పేజీలు పన్నెండూ అట్టముక్కలా అంటుకుని ఉన్నాయి. డాక్టరు 'నిష్పక్షపాతం, నిర్భయం' అని రాశాడు. ఆయన ముఖచిత్రం దాటి లోపలికే పోలేదు. టీచరు వ్యాకరణంతో సహా మెచ్చుకుంది, ఆమెది ఒక్క చుక్కా ఊడలేదు. గాయకులు మాత్రం విప్పారు. ఒక్కొక్కడూ తన పేరున్న పేజీ విప్పాడు, తనకి గిట్టనివాణ్ణి తిట్టిన పేజీ విప్పాడు, అంతటితో ఆపేశాడు. అల్లుడు లేచి వెళ్లి బోర్డు మీద బొమ్మకున్న కారు చెరిపేసి, 'తన పేరు వెతుక్కునేవాడు' అని రాసి వచ్చాడు.

ఆవిడ మొహం మాడిపోయింది. వీళ్లా శ్రోతలు, వీళ్లకి సంగీతమొకటా అని అందరికీ వినబడేలా అంది. అప్పుడు అల్లుడు తమ్ముడి ప్రతి తీశాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్క చుక్క మిగల్లేదు. విమర్శ పేజీల్లో అక్కడక్కడా పెన్సిలు గీతలున్నాయి, ఒకచోట అంచున 'నిజమే' అని రాసి ఉంది.

"ఇదీ పాఠకుడంటే" అంది ఆవిడ. తమ్ముణ్ణి నలుగురిలో మెచ్చుకోవడం ఆవిడకి అదే మొదలు. పేజీలు పోతాయని అప్పటికే తేలిపోయింది. అయినా గొంతులో బింకం తిరిగొచ్చింది. ఇంతమంది దొంగల్లో నికార్సైనవాడు ఒక్కడున్నా ఆ ఒక్కడి కోసం రాయొచ్చని యజమానికి ఉపన్యాసం మొదలుపెట్టింది. తమ్ముడు చెవుల దాకా ఎర్రబడి పెట్టె పట్టీ సర్దుకున్నాడు.

ఇంకా రెండున్నాయన్నాడు అల్లుడు. ఆఫీసులో పంచినవి కూడా జిగురు ప్రతులేనట. ముందు తనది చూపించాడు. ప్రకటనల పేజీలు తప్ప ఏవీ విప్పలేదు. దానికి తనే నవ్వాడు. రెండోది పొద్దున ఆవిడ బల్ల మీంచి తెచ్చాడు. విమర్శ పేజీలు పన్నెండూ విడిగా, బాగా నలిగి ఉన్నాయి. వాటికి ముందున్నవీ వెనకున్నవీ అన్నీ అంటుకుని ఉన్నాయి. స్కేలుతో ఒక్కో అంచూ మీటుతూ పోయి, 'తెర లేవకముందు' దగ్గర అతను ఆగాడు. అదీ అంటుకునే ఉంది. అంతటి సిగ్గులేని మనిషీ తలెత్తలేదు.

ఆవిడ ఎవరి మొహమూ చూడలేకపోయింది. ప్రూఫులో చూశానందామనుకుంది. ప్రూఫులు తన దాకా రావని తమ్ముడికీ తెలుసు.

"వాక్యాలు పొడుగన్నావని, వచ్చే నెలకి రాసిన రెండోభాగం సగానికి కొట్టేశానక్కా. నాన్న గురించి రాసిందంతా ఆ కొట్టేసిన సగంలోనే ఉండేది" అన్నాడు వాడు. గొంతులో కోపం లేదు. ఎవరి పక్కనో కూర్చుని వాయించినంత నెమ్మదిగా అన్నాడు. ఆ పూట ఎక్కడో రిహార్సలుందని, పెట్టె భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు.

పేజీల సంగతేం చేద్దామని యజమాని అడిగాడు. ఆవిడ బల్ల మీంచి తన ప్రతి లాక్కుని ఆ పేజీ తిప్పింది. జిగురు టప్పున ఊడింది. అందరూ చూస్తుండగానే, నిలబడే, మొదటి నుంచి చివరిదాకా చదివింది. అన్నీ పొట్టి పొట్టి వాక్యాలే. కుదించడానికి అందులో ఏమీ లేదు.