మూత కింది చీటీ

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు మీటరు 4.1 కిలో ఓమ్‌ల దగ్గర ఆగింది. గిటారు వెనక మూత లోపల అంటించిన చీటీలో 8.2 అని ఉంది. చీటీ మీది చేతిరాత ఆమెదే.

ఆమె మీటరు కొసలు తీసి మళ్ళీ ఆనించింది. 4.1. మీటరుకు కొత్త బ్యాటరీ వేసి చూసింది. 4.1.

గిటారు ఆమె మరిదిది. ఉదయం పదకొండుకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సాయంత్రం ఐదింటికి దాన్ని కొనేవాడి ఇంటికి చేర్చాలి. కొత్త తీగలు వేసి తుడిచి ఇస్తే చాలన్నాడు.

"అమ్మేస్తున్నావా?" అంది.

"మూలన కూర్చుని అది మాత్రం ఏం చేస్తుంది వదినా? నాతో పాటు దానికి కూడా పింఛను ఇవ్వాలా?"

"ఇంకోసారి వాయించి చూడకూడదూ?"

"చెయ్యి మాట వినదు. వినని చేతిని ఎన్నాళ్ళని బతిమాలుకోను?"

నవ్వుతూనే అన్నాడు. కుడి చెయ్యి మాత్రం ప్యాంటు జేబులోంచి బయటికి తీయలేదు.

మూడేళ్ళ కిందట, అతను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో రోలర్ల మధ్య పడింది ఆ చెయ్యి. మణికట్టులో ప్లేటు వేశారు. నాలుగు నెలలకు కట్టు విప్పి, ఇక పర్వాలేదు, వాయించుకోవచ్చన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని మరిది పాత జట్టుతో కలిసి ఒక హాల్లో వాయించడానికి వెళ్ళాడు. గిటారు మోత పైకి లేవలేదు. సౌండు చూసే మనిషి వాల్యూము పెంచితే పాట కంటే ముందు రొద వచ్చింది. రెండో పాట సగంలో స్టేజీ దిగిపోయాడు. తీగలు మీటేది కుడి చెయ్యి. దానిలో సత్తువ పోయిందని అతను అనుకున్నాడు, అందరూ అనుకున్నారు. మళ్ళీ అతను ఏ గిటారూ ముట్టుకోలేదు.

ఈ గిటార్ల రిపేరు షాపు ఆమె భర్త పెట్టింది. పన్నెండు అడుగుల గది, ఒక బల్ల, గోడకు వేలాడే పనిముట్లు. పెళ్ళయిన రెండో ఏడు నుంచి ఆమె కూడా ఆ బల్ల దగ్గరే పని నేర్చుకుంది. ఆయన పోయాక షాపు మూయలేదు. మరిది కంటే ఆమె నాలుగేళ్ళు పెద్ద.

తీగలు మార్చాక, అలవాటు కొద్దీ గిటారును ఆంప్లిఫయరుకు తగిలించి మీటింది. శబ్దం పీలగా వచ్చింది. వెనక రొద. కేబుల్ మార్చింది, అదే శబ్దం. షాపులో పరీక్షకు ఉంచుకున్న గిటారు తగిలించింది. అది గది అదిరేలా పలికింది. అంటే ఆంప్లిఫయరులో లోపం లేదు. ఆ గిటారుకు పికప్ ఒక్కటే. తీగల కింద ఉండి, తీగ కదలికను కరెంటుగా మార్చేది అది. మరలు తిప్పి పికప్‌ను తీగలకు దగ్గరగా లేపింది. పెద్ద తేడా రాలేదు.

పికప్ లోపల రెండు రాగి తీగ చుట్లు ఉంటాయి, పైన రెండు వరసల ఇనప గుండీలు. స్క్రూడ్రైవరు కొసతో ఒక వరసను తట్టింది. ఆంప్లిఫయరులో టక్కుమని మోగింది. రెండో వరసను తట్టింది. ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు మూత విప్పింది. మీటరు పెట్టింది. టైము రెండూ ఇరవై.

చీటీలు అంటించే పద్ధతి భర్తది. ఏ గిటారు బాగుచేసినా మూసే ముందు పికప్‌ను కొలిచి, తేదీ, అంకె రాసి మూత లోపల అంటించేవాడు. మళ్ళీ వస్తే పాత చీటీ మీదే కొత్త చీటీ. ఆమెకు పని నేర్పిన మొదటి వారం ఒకటే చెప్పాడు: "తెలియకపోతే ఖాళీ వదిలెయ్. కొలవని అంకె మాత్రం రాయకు."

చీటీ మీది తేదీ చూసింది. మరిది చేతికి కట్టు ఉన్న రోజులవి. గిటారు ఖాళీగా ఉంది కదా, కేబుల్ గుచ్చే సాకెట్ వదులైంది, మార్చి ఉంచమని ఇచ్చాడు. ఆ తేదీన భర్తకు ఆపరేషన్. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి బట్టలకని ఇంటికి వచ్చి, దారిలో షాపు తీసి, గంటలో సాకెట్ మార్చింది. పదకొండు రోజులకు భర్త పోయాడు.

గోరుతో చీటీ అంచు లేపింది. కింద భర్త చీటీ. 8.2. పై చీటీలోనూ 8.2. ఏడేళ్ళ తేడాతో కొలిచిన రెండు అంకెలు చుక్క తేడా లేకుండా ఉండటం ఆమె ఈ వృత్తిలో చూడలేదు. ఆ రోజు మీటరు చేతిలోకి తీసుకున్నట్టు ఆమెకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పక్క షాపు గడియారాల మెకానిక్‌ను కంటికి పెట్టుకునే భూతద్దం అడిగింది. బక్కగా ఉంటాడు, ఒకచోట నిలవడు. వీధంతా ఆయన్ను సెకన్ల ముల్లు అంటుంది. అద్దం తెచ్చి, ఇవ్వకుండా తనే కంటికి పెట్టుకుని వంగాడు.

"ఇదిగో చెల్లెమ్మా, దొరికాడు దొంగ. రెండు చుట్లూ కలిసే అతుకు. దానికి చుట్టిన టేపు కాలి జారిపోయింది. అతుకు వెళ్ళి, రొద ఆపడానికి అంటించిన రాగి రేకును ముద్దు పెట్టుకుంటోంది."

"రేకు తగిలితే ఒక చుట్టు పోయినట్టే."

"పోయింది మరి. సగం జీతానికి పని చేస్తోంది పాపం. టంకం మాత్రం ముచ్చటగా ఉంది. టేపు దగ్గర ఐరన్ పెట్టిన మహానుభావుడెవడో?"

"నేనే అన్నయ్యా."

సెకన్ల ముల్లు అద్దం తీసి చొక్కాకు తుడిచాడు. సంగతి మొత్తం ఆమె రెండు ముక్కల్లో చెప్పింది.

"ఎలాగూ అమ్మేస్తున్నాడుగా," అన్నాడు చివరికి. "అతుకు సరిచేసి మూసెయ్. ఆ చీటీ చించెయ్. ఇన్నాళ్ళకు ఎవడు అడిగాడు?"

"నేను చెప్పకపోతే వాడు చేతినే తిట్టుకుంటాడు."

"చెబితే నిన్ను తిడతాడు."

"తిట్టనీ."

ఆమె అతుకు ముట్టుకోలేదు. గిటారును మూత తీసి ఉన్నట్టే బల్ల మీద ఉంచి, పక్కన మీటరు పెట్టింది. వేరే పని చేతికి తీసుకుంది గానీ సాగలేదు.

నాలుగూ అయిదుకు మరిది వచ్చాడు.

"ఏంటి వదినా, ఇంకా పొట్ట విప్పే ఉంది? నేను స్నానం చేయించమంటే నువ్వు ఆపరేషన్ పెట్టావా?"

"కూర్చో."

"ఐదింటికి అక్కడుండాలి."

"తెలుసు. కూర్చో ముందు." మీటరు కొసలు రెండూ అతనికి ఇచ్చింది. "ఇక్కడొకటి, ఇక్కడొకటి ఆనించు."

కుడి చెయ్యి జేబులోంచి తీశాడు. ఆనించాడు.

"ఎంత?"

"4.1."

"చీటీలో?"

"8.2. నాకు తెలుసుగా. ఆ రోజు హాల్లోంచి ఇంటికెళ్ళి నేనే మూత విప్పి చూశాను. నీ రాత చూసి, గిటారు బాగానే ఉంది, పాడైంది మనమే అని మూసేశాను."

ఆమెకు ఆ సంగతి తెలియదు.

"కొసలు కదపకు," అంది. పుల్లతో అతుకును రాగి రేకు మీది నుంచి పైకి లేపింది. మీటరులో అంకెలు పరిగెత్తి నిలిచాయి. 8.1.

మరిది మీటరును చూశాడు, పుల్లను చూశాడు.

"వదులు."

వదిలింది. 4.1.

"ఎత్తు."

ఎత్తింది. 8.1.

"ఎప్పటి నుంచి ఇది?"

"నేను సాకెట్ మార్చిన రోజు నుంచి. టేపు కాల్చింది నేనే. ఆ చీటీ మీది అంకె కొలిచింది కాదు. కిందున్న మీ అన్న చీటీ చూసి ఎక్కించాను."

వీధిలో ఎవరో షట్టరు దించిన శబ్దం వచ్చింది. మరిది కొసలు బల్ల మీద పెట్టాడు.

"మూడేళ్ళు వదినా."

"అవును."

"డ్రమ్ములవాడు నా భుజం మీద చెయ్యేసి, కుదుటపడ్డాక రారా అన్నాడు. ఆ మాట పడలేక వాడి వీధిలోకే వెళ్ళడం మానేశాను." ఆగాడు. "అన్న ఆసుపత్రిలో ఉన్న రోజు చేసిన పని. నిన్నేమనను?"

"అనాల్సింది అను. ఆసుపత్రి సంగతి మధ్యలోకి తేకు."

ఆమె అతుకుకు సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడిగి, వేడి చేసి బిగించింది. మళ్ళీ కొలిచింది. తేదీ, 8.1 రాసి కొత్త చీటీ అతని ముందు పెట్టింది. అతను చదివి వెనక్కి ఇచ్చాడు. మూత లోపలి నుంచి తన పాత చీటీని ఊడదీసి, కొత్తదాన్ని భర్త చీటీ మీద అంటించింది. మూత బిగించి గిటారు ఇచ్చింది.

ఆంప్లిఫయరుకు తగిలించి మీటాడు. పక్క షాపులో సెకన్ల ముల్లు దగ్గు మధ్యలో ఆగిపోవడం వినిపించింది. మరిది ఒక వరస మొదలుపెట్టాడు. మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు. మూడోసారి ఆపి మణికట్టు నొక్కుకున్నాడు.

"చెయ్యి బాగుందంటావా?" అన్నాడు.

"చెయ్యి గురించి నేను చెప్పలేను. నా దగ్గర దాన్ని కొలిచే మీటరు లేదు. పికప్ బాలేదు, ఇప్పుడు బాగుంది. నాకు తెలిసింది అంతవరకే."

గిటారును సంచిలో పెట్టుకున్నాడు. బల్ల మీద పడి ఉన్న పాత చీటీ తీసి మడిచి జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు. అప్పుడు టైము నాలుగూ యాభై.

ఆరూ పదికి షాపుకు ఫోన్ వచ్చింది. గిటారు కొనేవాడు. ఐదింటి నుంచి ఎదురు చూస్తున్నానన్నాడు. గిటారు రాలేదు, మీ మరిది ఫోన్ ఎత్తడం లేదు, బయలుదేరాడా అని అడిగాడు.

నాలుగూ యాభైకి షాపులోంచి వెళ్ళాడని ఆమె చెప్పింది.