వారాసిగూడ వరుసలో సున్నా

సోమవారం పదకొండు గంటలకు కమిటీ కూర్చుంటుంది. ఆలోపల నేను చేయవలసినవి: పట్టికలు మరోసారి సరిచూడడం, స్టెన్సిళ్లలో తప్పులు దిద్దించడం, ఇరవై ప్రతులు తీయించి కుట్టడం, వాటిని తార్నాకలోని మా సర్వే ఆఫీసు నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌కు చేర్చడం.

శనివారం పొద్దున మొదటి పని దగ్గరే ఆగిపోయాను. రెండో పట్టికలో వారాసిగూడకు ఎదురుగా, ఒగ్గు కథ చెప్పేవారు: సున్నా.

ఆ బస్తీ తిరిగింది నేనే. అక్కడి బడిలో ఖాళీగా ఉన్న గదిని, డోలు కొట్టుకుంటూ మల్లన్న కథ చెప్పే ఆ విద్య పిల్లలకు నేర్పడానికి ఇవ్వాలా, కుట్టు మిషన్లకు ఇవ్వాలా అన్నది మా నివేదిక చూసి కమిటీవాళ్లు తేలుస్తారు. గట్టయ్య అనే ముసలాయన ఇంటి గోడకు డోలు ఉండడం చూశాను. కానీ ఏం పని చేస్తావని అడిగితే "గొర్లు కాస్త" అన్నాడు. చెప్పిందే రాయాలి, సొంతంగా ఏదీ చేర్చకూడదని మాకు నేర్పారు. అలాగే రాశాను. అన్ని ఇళ్లలోనూ అంతే. గొర్రెలు కాసే మా కురుమవాళ్లు మల్లన్న కథను పని అనరని నాకు తెలియదా? మా మేనమామే అనడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఫారం సరిగ్గా నింపాలన్న ధ్యాసలో ఆ సంగతే తోచలేదు.

నడిచి వారాసిగూడ వెళ్లాను. సంగతి చెప్తే గట్టయ్య నవ్వాడు.

"మల్లన్న కథ కూలి పనా బిడ్డా? కొమురెల్లి అని ఆ మల్లన్న పేరే పెట్టుకున్నవు, గోడకున్న డోలు కానరాలేదా?"

"కానొచ్చింది తాతా. ఫారంల దానికి జాగ లేకుండె."

"ఏం చదువు చదివినవ్‌రా!" అన్నాడు. అంతలోనే గొంతు తగ్గింది. "అయితే గది రాదా ఇగ? తొమ్మిది మంది పోరగాండ్లు వస్తున్నరు. వాన పడితే ఇండ్లకు తోలుతున్న. నాకు దమ్ము అందుతలేదు. వీళ్లకన్న చెప్పి పోదామనుకున్న."

ఆఫీసుకు తిరిగొచ్చి చెప్తే, నివేదిక రాసిన పార్థసారథి గారు కోప్పడలేదు. దాంతో నాకు భయం ఇంకా పెరిగింది.

"నీకు తెలిసిందని పట్టికలో పెడితే రేపు ప్రతివాడూ పెడతాడయ్యా. పట్టిక మారదు. మళ్లీ వెళ్లి అడుగు, వేరే కాగితం మీద రాసి చివర కుట్టు. పొరపాటు నీదేనని సంతకం చెయ్యి. వచ్చే నెల నీ ఉద్యోగం పొడిగించాలి, అదీ చూసుకో."

ఆదివారం ఆ బస్తీలో నేను ముందు రాసుకున్న ఇరవై రెండు ఇళ్లకూ మళ్లీ వెళ్లి ఒక్కటే అడిగాను: "మల్లన్న కథ ఎవరు చెప్తరు?" ఏడిళ్లలో "మేమే" అన్నారు. అది వేరే కాగితం మీద రాసి, కింద సంతకం చేశాను.

సోమవారం కమిటీ గది బయట బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాను. లోపల కాగితం తిప్పిన చప్పుడైనప్పుడల్లా చివరి పేజీ దాకా వచ్చారా అని చెవులు రిక్కించాను. పార్థసారథి గారు బయటికొచ్చారు.

"ఒక దగ్గర సున్నా, ఒక దగ్గర ఏడు. ఏది నమ్మాలన్నారు. ఏడాది తర్వాత మళ్లీ సర్వే. అందాకా కుట్టు మిషన్లే."

గట్టయ్య ఆ ఏడాది దాటలేదు. 1968లో ఆ సర్వే కూడా నేనే చేశాను. ఈసారి పట్టికలో ఆరిళ్లు, గది కూడా వచ్చింది. పిల్లలు మాత్రం ముగ్గురే మిగిలారు.

ఇది చదివినవారిని ఒకటే అడుగుతున్నాను. వారాసిగూడ గట్టయ్యను గుర్తుంచుకోండి. ఆయన గొర్రెలు కాసేవాడు. మల్లన్న కథ చెప్పేవాడు.